చదివిపెట్టినవారు

తెలుగున "పెట్టు" అను క్రియ యొకటి గలదు. అన్నము పెట్టుట, బొట్టు పెట్టుట, దీపము పెట్టుట మొదలగు చోట్ల నది తన కాళ్లపై తాను నిలుచును. మరియొక క్రియకు తోడుగా వచ్చినపుడు మాత్రము దాని తీరు మారును. "చదువుము" అన్నచో ఆ చదువు చదువువాని కొరకు. "చదివిపెట్టుము" అన్నచో వినువాని కొరకు. ఒకప్పుడు కృష్ణాజిల్లాలోను 2022 సంవత్సరము నుండి ఎన్టీఆర్ జిల్లాలోను చేరిన మా విస్సన్నపేటలో ఈ మాట వినబడని దినముండదు. పింఛను కాగితమో, బ్యాంకువారు సెల్‌ఫోనునకు పంపిన వార్తయో చేతబట్టుకొని, దారిని బోవు బడిపిల్లల నాపి "కాస్త చదివిపెట్టమ్మా" యని అడుగు వృద్ధులు వీథికి నలుగురైన నుందురు. కొందరికి అక్షరము రాదు. కొందరికి అక్షరము వచ్చియు చూపు ఆనదు. అడుగుటలో మాత్రము ఇరువురికిని భేదము లేదు.

ఈ మాట వినినపుడెల్ల మాకు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు జ్ఞప్తికి వత్తురు. తెలుగు నవలకు తొలినాళ్లలో నడక నేర్పిన ఆ మహనీయుని జీవితము ఈ చిన్న క్రియపై ఆధారపడి నడచినది. గ్రంథకర్తల జీవితములను చదువునపుడు మనము వారి వంశమును, విద్యను, బిరుదులను, గ్రంథముల పట్టికను చూతుము. వారికి ఎవరు చదివిపెట్టిరి, వారు చెప్పినది ఎవరు వ్రాసిపెట్టిరి అని విచారింపము. పంతులుగారి విషయమున నీ విచారణ లేకున్నచో ఆయన జీవితము సగమే తెలిసినట్లగును.

చిలకమర్తివారు 1867 సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరీమండలములోని ఖండవల్లి గ్రామమున మాతామహుల యింట జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. బాల్యము వీరవాసరమునను, ఇంగ్లీషు చదువు నరసాపురమునను, పిమ్మట రాజమహేంద్రవరమునను సాగెను. కలిమి గల కుటుంబము కాదు. దానికి తోడు చిన్ననాటి నుండియు ఆయనకు రేచీకటి యుండెను. ఆహారములోని లోపము వలన వచ్చు రేచీకటి మందునకు లొంగును. కంటి లోపలి పొర క్రమక్రమముగా క్షీణించుట వలన వచ్చునది అట్లు లొంగదు. మొదట రాత్రిని, తరువాత పగటిని కూడ హరించును. పంతులుగారి చూపు ఏండ్లు గడచిన కొలది సన్నగిల్లి, తుదకు బొత్తిగా పోయెను.

చదువుకొను బాలునికి రేచీకటి యనగా నేమో ఉపాధ్యాయులమైన మేము కొంత యూహింపగలము. ఆ దినములలో పరీక్షల చదువంతయు ఆముదపు దీపముకడనో, కిరసనాయిలు బుడ్డికడనో జరుగవలసినదే. సంధ్య వాలినది మొదలు ఆ బాలునికి పుస్తకము మూసినను తెరచినను ఒక్కటే. తోడివారు చదువుచుండగా విని, వినినదానిని విడువక పట్టుకొనుట తప్ప వేరు దారి లేదు. అట్టి అవస్థలో ఆయన మెట్రిక్యులేషను వరకును నడచి, బడిపంతులై, పద్యము చెప్పి, నాటకము వ్రాసి, నవల వ్రాసిరి. ఆయన ధారణాశక్తిని గూర్చి జనులు వింతగా చెప్పుకొందురు. అది వింత కాదని మా తలంపు. కన్ను చేయవలసిన పనిని చెవికి అప్పగించి, అది పొరబడకుండ నిత్యము శిక్షించుకొనిన ఫలమది. వేదమును గురుముఖమున వినియే నిలుపుకొనిన దేశమునకు ఈ మార్గము క్రొత్తది కాదు. క్రొత్తదేమనగా, ఆ మార్గమున నడచినవాడు అచ్చుయంత్రపు యుగమునకు చెందిన నవలాకారుడగుట.

ఆయన చేరిన రాజమహేంద్రవరము సామాన్యమైన పట్టణము కాదు. 1881 సంవత్సరము డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినది అచ్చటనే. తెలుగున నవల యనదగిన రాజశేఖర చరిత్రము పుట్టినదియు అచ్చటనే. చిలకమర్తివారు ఆ వాతావరణములో పెరిగి వీరేశలింగముగారికి ఆప్తులైరి. ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజము కొరకు ఆయన నాటకములు వ్రాసియిచ్చుచుండిరి. కీచకవధ 1889లో వెలువడెను. తరువాత వచ్చిన గయోపాఖ్యానము లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన నాటకముగా ప్రసిద్ధి కెక్కెను. తరువాతి కాలమున ఆంధ్రకేసరి యనిపించుకొనిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు బాల్యమున ఆ సమాజములోనే వేషములు కట్టిరి. నాటకమును ముందుగా వ్రాసి పిమ్మట వినిపింతురని మనము తలంతుము. చిలకమర్తివారికి మాటయే ముందు, వ్రాత తరువాత. ఆయన నాటకములలోని సంభాషణలు నటుల నోట అంత సులువుగా పలుకుటకు ఇదియొక కారణము కావచ్చును.

నవలారచనలోనికి ఆయన చింతామణి పత్రిక మూలమున వచ్చిరి. న్యాపతి సుబ్బారావు పంతులుగారి పూనికతో ఆ పత్రిక నవలలకు పోటీలు పెట్టి బహుమానము లిచ్చుచుండెను. చిలకమర్తివారి రామచంద్ర విజయము 1894లో బహుమతి నందుకొనెను. పిమ్మట 1896లో హేమలత, 1897లో అహల్యాబాయి వచ్చెను. రాజపుత్రుల శౌర్యగాథలను టాడు దొరగారి గ్రంథము నుండి తీసి రాజస్థాన కథావళి యని తెలుగు చేసిరి. రమేశచంద్ర దత్తుగారి నవలలలో రెంటిని సుధాశరచ్చంద్రము, దాసీకన్య యను పేరులతో తెనిగించిరి. మొదటిది బాలవితంతువైన సుధకు మరల వివాహము జరుగు కథ. వీరేశలింగముగారు పెండ్లిపందిట చేసిన పనినే చిలకమర్తివారు గృహస్థుల వంటింటివరకు నవల మూలమున కొనిపోయిరి.

అన్నిటికంటె నెక్కువగా తెలుగువారిని నవ్వించినది గణపతి. చదువుసంధ్యలు లేని మూడు తరముల పేద బ్రాహ్మణ కుటుంబము కథ యిది. విద్యాగంధము లేని గణపతి వీథిబడి పంతులగుట చదివినపుడు మా వృత్తివారు నవ్వుటకు ముందు కొంచెము భుజములు తడుముకొనవలసి యుండును. ఆ నవలలోని దారిద్ర్యము, మూఢాచారము, బాల్యవివాహపు వికారము ఇవన్నియు నవ్వు చాటున దాగియున్నవి. ఆ గ్రంథమును పైకి చదువుడు. వాక్యము ఊపిరికి సరిపడునంత దూరము నడచి ఆగును. పాత్రల మాటలు పుటలో కనబడుటకంటె అరుగు మీద వినబడుచున్నట్లుండును. కాలాంతరమున ఆకాశవాణి దానిని నాటకముగా వినిపించినపుడు తెలుగుదేశమంతయు చెవి యొగ్గినది. చెవితో పుట్టిన గ్రంథము చెవికే చేరుట సహజము కదా!

ఇంతవరకు చెప్పినది సాహిత్యము. ఆయన చేసిన మరియొక పని మాకు అంతకంటె పెద్దదిగా తోచును. 1909లో రాజమహేంద్రవరమున, అంటరానివారని లోకము దూరముగా నుంచిన బిడ్డల కొరకు ఆయన పాఠశాల నొకదానిని స్థాపించి, రాజా రామమోహనరాయల పేర రామమోహన పాఠశాల యని నామకరణము చేసిరి. ఆ కాలమున అగ్రవర్ణస్థుడొకడు అట్టి పాఠశాల పెట్టుట యనగా తన యింటి గడపయందును, బంధువుల పంక్తియందును చిక్కులు కొనితెచ్చుకొనుటయే. సంఘసంస్కరణాభిలాషయే దీనికి కారణమని చరిత్రకారులు చెప్పుదురు, అది నిజమే. అయినను మాకు ఇంకొకటి తోచుచున్నది. అక్షరము కంటికి ఆననివాడు ఒక జాబు వచ్చినను, ఒక పత్రము వచ్చినను ఇతరుల వాకిట నిలువవలెను. వారికి తీరిక యున్నప్పుడు చదువుదురు, ఇష్టమైనంత చదువుదురు, ఏమి విడిచిరో విన్నవానికి తెలియదు. అక్షరము నేర్వనీయక సంఘము దూరముగా నుంచినవాని యవస్థయు అక్షరాల ఇదే. వడ్డీపత్రముపై వ్రేలిముద్ర వేయువానికి ఆ పత్రమును చదివిపెట్టువాడు అప్పిచ్చినవాడే యైనచో నేమగునో పల్లెలలో తెలియనివారు లేరు. ఒకని కది విధి చేసినది, మరియొకని కది మనుష్యులు చేసినది. విధి చేసినదానిని పంతులుగారు సహించిరి. మనుష్యులు చేసినదానిని సహింపలేదు.

1907లో బిపిన్ చంద్రపాల్ గారు రాజమహేంద్రవరమునకు వచ్చినప్పుడు, భారతదేశమును పాడియావుగాను భారతీయులను పాలు దొరకని లేగలుగాను వర్ణించి చిలకమర్తివారు ఆశువుగా చెప్పిన పద్యము ఆంధ్రదేశమంతట ఒకరి నోట నుండి ఇంకొకరి నోటికి ప్రాకినది. అచ్చుకాగితము చేరని యూళ్లకు కూడ అది చేరినది. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1944లో ఆయన స్వీయచరిత్రము వెలువడెను. డెబ్బది యేండ్ల జీవితమును, చూచినవారిని, విన్న మాటలను, పట్టణమును, సభలను జ్ఞాపకము నుండి చెప్పి వ్రాయించిన గ్రంథమది. 1946 జూన్ 17వ తేదీన ఆయన పరమపదించిరి. భారతీయ భాషలన్నిటికి ఉమ్మడిగా నుండు బ్రెయిలీ లిపి 1951లో కుదిరినది. అప్పటికి పంతులుగారు పోయి అయిదేండ్లు. కనుక వ్రేలితో తడవి తానై చదువుకొను భాగ్యము తెలుగున ఆయనకు లేకపోయినది. తుదివరకు చదివిపెట్టువారే, వ్రాసిపెట్టువారే ఆధారము.

ఇప్పుడు మా ప్రశ్న. ఆ వ్రాసిపెట్టినవారు ఏమైరి? గ్రంథపు అట్టపై ఒక్క పేరే యుండును. అది న్యాయమే, రచన ఆయనది. కాని ప్రతిదినము కూర్చుండి, పంతులుగారు చెప్పినది పట్టుకొని, తప్పు చదివినప్పుడు దిద్దించుకొని, ఆయన వాక్యము పుట్టుట కన్నులార చూచిన ఆ లేఖకులకు ఆ పని వలన ఏమి దక్కినది? వారు కేవలము చేతులేనా? లేక ఆ కొలువులో వారును విద్యావంతులైరా? సంస్కారప్రియులగు గృహస్థులు ఆలోచింపవలసిన విషయమిది. ఏలయన ప్రతి యింటను ఎవరో యొకరు మరియొకరికి చదివిపెట్టుచునే యున్నారు.

చిలకమర్తివారికి ఆంధ్ర మిల్టను అను బిరుదము కలదు. అంధులైన మహాకవులలో మిల్టను పేరు లోకప్రసిద్ధమగుటచే అది వచ్చినది. 1652 నాటికి చూపు పూర్తిగా కోల్పోయిన మిల్టను 1667లో తన మహాకావ్యమును ప్రకటించెను. ఆ కావ్యమును ఇతరులచే వ్రాయించెను. ఆయన కుమార్తెలు తండ్రికి గ్రీకు, లాటిను, హీబ్రూ మొదలగు భాషల గ్రంథములను చదివిపెట్టెడివారని ఆయన చరిత్ర వ్రాసిన మేనల్లుడు చెప్పియున్నాడు. ఆ భాషలలో అక్షరములను పలుకుట మాత్రమే వారికి నేర్పబడినది, అర్థము నేర్పబడలేదు. దినదినము గంటల కొలది తమకు తెలియని మాటలను తండ్రి చెవిలో పోయుచు, తమకొక్క చుక్కయు దక్కని ఆ బాలికల స్థితిని తలచుకొనుడు. వారు తండ్రిపై విసిగిరనుటలో ఆశ్చర్యమేమున్నది? కావ్యము గొప్పదే, ఆ కావ్యమునకు దీపము పట్టిన చేతులు మాత్రము చీకటిలోనే యుండిపోయినవి.

ఇట్టి స్థితిలోనే పడి వేరొక రీతిని నడచిన నవలాకారుడు జపాను దేశమున నొకడుండెను. ఆయన పేరు తకిజావా బాకిన్. పుట్టినది 1767లో, ఎదో నగరమున. నేటి టోక్యోయే అది. చిలకమర్తివారికి సరిగా నూరేండ్లు పెద్ద. క్షాత్రకులమునకు చెందిన చిన్న కొలువు కుటుంబము వారిది. బాల్యమునందే తండ్రి పోయెను. పదునాలుగేండ్ల వయసున బాకిన్ కొలువును విడిచి, కొంతకాలము తిరిగి, తుదకు గ్రంథప్రకాశకుని యొద్ద పనికి చేరెను. 1793లో, చెప్పుల దుకాణము గల కుటుంబములోని ఒక వితంతువును వివాహమాడెను. అనంతరము కలమునే నమ్ముకొని బ్రతికెను. వ్రాతకు వచ్చిన సొమ్ముతో సంసారము నడపిన తొలి జపాను రచయితలలో నాయన యొకడు.

ఆయన మహానవల హక్కెన్‌దెన్, సతోమీ వంశమునకు చెందిన ఎనమండుగురు శునకవీరుల చరిత్ర. 1814లో ఆరంభమై 1842లో ముగిసినది. ఇరువది యెనిమిదేండ్లు, నూటయారు సంపుటములు. ఒక్కొక్క వీరుని యొద్ద ఒక్కొక్క గుణమును తెలుపు పూస యుండును. దయ, న్యాయము, మర్యాద, వివేకము, స్వామిభక్తి, సత్యము, పితృభక్తి, సోదరప్రేమ అనునవి ఆ యెనిమిది గుణములు. ఈ కథ నడుమ ఉండగా బాకిన్‌కు కష్టములు ఒకదానివెంట ఒకటి వచ్చినవి. మొదట కుడికన్ను పోయెను. 1835లో వైద్యుడైన ఏకైక కుమారుడు సోహకు మరణించెను. కోడలు ఓమిచి చిన్నపిల్లలతో మిగిలెను. మనుమనికి క్షాత్రకొలువు సంపాదించి వంశము నిలుపవలెనని ఆ వృద్ధుడు తన జీవితమంతయు కూర్చుకొనిన పుస్తకములను అమ్మివేసెను. పుస్తకములు పోయిన కొన్ని యేండ్లకు మిగిలిన కన్నును పోయెను. నవల పూర్తి కాలేదు.

అప్పుడు వ్రాసిపెట్టుటకు కూర్చున్నది విధవరాలైన ఆ కోడలు. ఇది విన్నంత సులువు కాదు. జపాను వ్రాతలో ధ్వనులను తెలుపు కనా యను అక్షరములు కొన్ని పదులు మాత్రమే. చీనాదేశము నుండి వచ్చిన కంజీ యను భావలిపులు వేల కొలది. ఆనాటి సామాన్య కుటుంబములలో స్త్రీలకు కనా తెలియును. కంజీ నేర్పువారు తక్కువ. బాకిన్ రచనయో, చీనా గ్రంథముల పాండిత్యముతో నిండినది. మన దేశమున తెలుగు అక్షరములు మాత్రము వచ్చిన యిల్లాలిని కూర్చుండబెట్టి, సమాసభూయిష్ఠమగు సంస్కృత గద్యమును దేవనాగరిలో వ్రాయుమన్నట్లుండెను. కన్నులు లేని మామగారు ఒక్కొక్క లిపిని, దాని యెడమభాగమేమో, కుడిభాగమేమో, పై గీత యేదియో, క్రింది గీత యేదియో నోటితో చెప్పవలెను. ఆమె వ్రాసి, అది సరియో కాదో ఆయనకు మాటలతోనే విన్నవింపవలెను. ఆ లిపి ప్రక్కన దాని ఉచ్చారణను కనాలో వ్రాయవలెను. ఒక వాక్యమునకు ఎంత ప్రొద్దు పట్టియుండునో! ఇరువురును ఎంత నలిగిరో నవల తుదిలో బాకిన్ తానే వ్రాయించియున్నాడు. అందు ఆ కోడలి శ్రమను ఆయన దాచలేదు. 1841లో వ్రాత ముగిసెను. మరుసటి యేట తుది సంపుటములు వెలువడెను. 1848లో బాకిన్ మరణించిన పిమ్మట ఆయన యింట దినచర్య వ్రాయుట ఆగలేదు. ఓమిచి తన చేతితో దానిని కొనసాగించెను. ఆమె వ్రాసిన దినచర్య నేటికిని నిలిచియున్నది.

ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మనము గ్రహింపవలసినది స్పష్టమగును. మిల్టను కుమార్తెలు ఏండ్ల తరబడి చదివి, తండ్రి పోయిన తరువాత ఆ గ్రంథములను తాము తెరచి చదువుకొనలేని స్థితిలోనే మిగిలిరి. ఓమిచి మామగారికి వ్రాసిపెట్టి, ఆయన పోయిన తరువాత తన కొరకు తాను వ్రాయగలిగినది. పని రెండు చోట్లను ఒకటే. భేదము ఒక్కచోటనే యున్నది. అచ్చట అర్థము విడిచి ధ్వనిని మాత్రము నేర్పిరి. ఇచ్చట లిపిని, లిపితో అర్థమును నేర్పక గతిలేకపోయెను. బాకిన్ స్త్రీవిద్యాప్రచారకుడు కాడు. తన నవల ముగియవలెనని మాత్రమే ఆయన పట్టుదల. ఐనను ఫలము మాత్రము ఒక విధవరాలి చేతికి అందినది.

మన పూర్వులకు ఈ సంగతి తెలియదనుకొనరాదు. వ్యాసభగవానుడు భారతము చెప్పబూనినపుడు వ్రాయుటకు వినాయకుడు వచ్చెనను కథ అందరు నెరిగినదే. పూణా పండితుల పరిశోధిత ప్రతి ఈ కథను మూలమున చేర్పక అనుబంధమున నుంచినది. కథలోని నీతి మాత్రము అనుబంధముగా నుంచదగినది కాదు. తన గంటము ఆగరాదని వినాయకుడు నియమము పెట్టెను. అర్థము తెలిసికొనక యేమియు వ్రాయరాదని వ్యాసుడు మారునియమము పెట్టెను. చెప్పువానికి ఊపిరి సలుపుకొను ఎడము దొరకుటకై యిట్లు చేసెనని చమత్కారముగా చెప్పుదురు. మాకు అందులో చమత్కారముకంటె న్యాయమే యెక్కువగా కనబడుచున్నది. వ్రాసిపెట్టువాడు దేవుడైనను, అర్థమును అతనికి ముట్టచెప్పక పని చేయించుకొనరాదు.

మా యింటి సంగతి యొకటి చెప్పుదుము. మా తండ్రిగారికి తుది దినములలో నీటికాసులు వచ్చి చూపు పోయినది. శస్త్రచికిత్స చేయుటకు వారి గుండె నిలువదని వైద్యులనిరి. వారికి పోతనగారి భాగవతము లేక ప్రొద్దు పోదు. మేము సంస్కృతమును ఇంగ్లీషును చదువుకొని, ఉదయమున బడికి పోయి ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఇల్లు చేరువారము. చదివిపెట్టుట మా గృహిణి వంతు అయినది. ఆమె పదవ తరగతి చదివినది. పద్యమును విరిచి చదువుట ఆమెకు మొదట రాలేదు. మా తండ్రిగారు కోపిష్ఠి. "అచ్చట విరుపు కాదమ్మా, ముందుకు పోనిమ్ము" అని కసరెడివారు. ఆమె పోలేదు. "అర్థము చెప్పకపోతే నాకు విరుపు ఎట్లా తెలుస్తుంది మామయ్యగారూ?" అనినది. ఆ ప్రశ్నకు వారు కొంతసేపు మాటాడలేదట. ఆ దినము నుండి ఒక్క పద్యమునకు అన్వయము చెప్పి, తాత్పర్యము చెప్పి, పిమ్మట రెండవదానికి పోవుట అలవాటైనది. పూర్వము దినమునకు నలువది పద్యములు వినువారు పదింటితో తృప్తి పడిరి. మూడేండ్లు ఇట్లు జరిగినది. వారు పోయినప్పుడు అష్టమస్కంధము నడుచుచుండెను.

మిగిలిన స్కంధములను ఆమె తానుగా చదువుకొనినది. ఇప్పుడు మామిడికాయల పని లేని దినములలో మధ్యాహ్నపువేళ ఇరుగుపొరుగు స్త్రీలు ఏడెనిమిదిమంది మా వసారాలో చేరుదురు. ఆమె చదువును, అన్వయము కుదరని చోట మా తండ్రిగారి మాటలనే చెప్పును. ఆ మాటలు కొన్ని మేమెన్నడును వినియుండలేదు. కొడుకులమైనందుకు పొలము మా పేర వచ్చినది. వారి భాగవతము మాత్రము కోడలికి చేరినది. విద్య యను ఆస్తి ఎవరు కూర్చుండి వినిపించిరో వారికే పోవును, దస్తావేజు వ్రాసినవారికి కాదు. ఇందు మాకు విచారము లేదు.

ఇక బడి సంగతి. మా పిల్లలలో చాలమంది ఇంగ్లీషు పాఠమును గడగడ చదువుదురు. చదివినదానికి అర్థమేమని అడిగినచో నేలచూపులు చూతురు. తల్లిదండ్రులు ఆ గడగడను చూచి సంతసింతురు. మేము పై యధికారులకు ఆ గడగడనే చూపుదుము. మిల్టనుకు చదివిపెట్టిన కుమార్తెలు ఒక యింట ఇద్దరే. మా యూళ్లలో తరగతికి ముప్పదిమంది. తేడా యేమనగా, ఆ బాలికలు కనీసము ఒక మహాకవికి వినిపించిరి; వీరు పరీక్షకునికి వినిపించుచున్నారు. ఇంటికి పోయిన పిమ్మట ఇదే బిడ్డ తన నాయనమ్మకు తెలుగు పత్రికలోని వార్తను చదివిపెట్టునపుడు చూడుడు, నాయనమ్మ నడుమ నడుమ "అంటే ఏమిటే?" యని అడుగును, బిడ్డ ఆగి తన మాటలలో చెప్పును. చెప్పలేనిచో తండ్రి నడుగును. ఆ ముసలమ్మ మాకంటె మంచి ఉపాధ్యాయురాలు. అడిగి విడువకపోవుటయే ఆమె బోధనాపద్ధతి.

నేడు సెల్‌ఫోనులు కూడ తెలుగు చదివి వినిపించుచున్నవి. చూపు లేనివారికి అది గొప్ప మేలు. ఎవరి తీరికకొరకును కాచుకొనక, ఎవరి దయకును లోబడక తమ జాబును తాము వినగలుగుట స్వాతంత్ర్యము. చిలకమర్తివారికి అట్టిది యొకటి యుండినచో ఎంత సంతోషించియుందురో! దానిని మేము నిందింపము. ఒక్క సంగతి మాత్రము మరువరాదు. యంత్రము చదివినప్పుడు వినువానికి మాత్రమే మేలు కలుగును. చదివినదానికి ఏమియు మిగులదు. బిడ్డ చదివినప్పుడు మేలు ఇరువురికిని కలుగవచ్చును, మనము అర్థము చెప్పినచో. పింఛను కాగితమునకు యంత్రము చాలును. భాగవతమునకు, గణపతికి బిడ్డను పిలుచుట మంచిది.

సంస్కరణ యనగా సభలు, తీర్మానములు, పాఠశాలలు, చట్టములు. ఇవన్నియు కావలయును. రామమోహన పాఠశాల లేనిచో చదువు వాకిటికి రానివారికి అది ఎన్నటికిని వచ్చియుండదు. కాని పాఠశాలకు పోలేకపోయిన యిల్లాలికి, పోయియు అర్థము తెలియక తిరిగివచ్చు బిడ్డకు, గృహమందే ఒక చిన్న పాఠశాల తెరవవచ్చును. దానికి అద్దె లేదు, తనిఖీ లేదు. కావలసినది ఒక పుస్తకము, వినగోరు పెద్ద, చదువు చిన్న, ఈ యిద్దరి నడుమ "అర్థము చెప్పుము" అను ధైర్యము, చెప్పునంతటి ఓర్పు. ధైర్యము చిన్నవారిది, ఓర్పు పెద్దవారిది. తరచుగా మన యిండ్లలో పెద్దలకు ఆజ్ఞాపించుటలో నున్న యలవాటు వివరించుటలో నుండదు. "చెప్పినది చేయుము, నీకెందుకు?" అను మాట నోటికి వచ్చినపుడు దానిని మింగి, అర్థము చెప్పుట నేర్వవలెను. కోడండ్ర విషయమున నిది మరింత అవసరము.

గ్రంథకర్తలకు కూడ మేమొక మనవి చేయుదుము. నేటికిని అనేక ఇండ్లలో భార్యలు భర్తల వ్రాతప్రతులను శుద్ధప్రతులుగా వ్రాసిపెట్టుచున్నారు. కుమార్తెలు అచ్చుచిత్తులు దిద్దిపెట్టుచున్నారు. శిష్యులు పెద్దల మాటలను పట్టి కాగితమున నిలిపిపెట్టుచున్నారు. పీఠికలో రాజకీయనాయకునికి, ప్రకాశకునికి, అభిప్రాయమిచ్చిన పండితునికి కృతజ్ఞతలు చెప్పు వాక్యముల నడుమ, ఈ పని చేసినవారి పేరు ఒక్క పంక్తిలో వ్రాయుడు. "మా యింటివారు" అని కాదు, పేరే వ్రాయుడు. ఓమిచి పేరు నేడు మనకు తెలియుటకు కారణము, కన్నులు లేని యొక వృద్ధుడు తన మహానవల చివర ఆమె పడిన శ్రమను ఆమె చేతనే వ్రాయించి యుంచుటయే.